తగ్గింది

"డబ్బా వదలండి," అంది మేబెల్.

దేవానందం వదల్లేదు. రెజిమెంటల్ బజార్‌లో భద్రయ్య మందుల కొట్టు కౌంటరు ముందు, షుగర్ చూసుకునే మిషన్ డబ్బాకు ఆ చివర ఆయన, ఈ చివర ఆవిడ. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి ఒక వస్తువును ఇంత గట్టిగా పట్టుకోవడం ఇదే మొదటిసారి.

"కొనొద్దనలేదు మేబెల్. ఇన్సూరెన్సు వాళ్లు ఇస్తారో ఇవ్వరో తేలనీ అంటున్నాను."

"అది తేలేలోపు నేను గుడ్లు తేలేస్తాను. మొన్న షుగర్ తగ్గి స్టవ్ పక్కన పడ్డాను. ఈసారి స్టవ్ మీదే పడతాను. రోజూ మూడుసార్లు చూసుకుని ఇన్సులిన్ వేసుకోమన్నాడు డాక్టరు. దేంతో చూసుకోను, చేతివాచీతోనా? చిలకలగూడ నుంచి ఎండలో నడిచొచ్చింది ఒట్టి చేతులతో పోవడానికి కాదు."

భద్రయ్య ఎవరి పక్షమూ తీసుకోలేదు. "మిషన్‌ల రక్తం చుక్క పెట్టే స్ట్రిప్పులు లోపట ఉన్నయ్, తెస్త టీచరమ్మా. మీరు నిమ్మళంగ కొట్లాడుండ్రి," అని వెనక గదిలోకి వెళ్లాడు.

మేబెల్ పనిచేసే బడి ఇన్సూరెన్సు వ్యవహారాలు చూసే రిచర్డ్ ఆఫీసు ఆ కొట్టు పైనే. వాళ్ల చర్చికే వస్తాడు కూడా. దేవానందం అతనికి ఫోన్ కలిపాడు.

"కిందకి రమ్మనండి. కాదనేదేదో నా మొహం చూసి అనమనండి," అంది మేబెల్.

రిచర్డ్ దిగివచ్చాడు. కొట్లోకి మాత్రం రాలేదు. మెట్టు మీదే నిలబడ్డాడు.

"వందనాలు ఆంటీ. మిషన్లకు రూల్ క్లియర్‌గ లేదు. ఇస్తే ఇస్తరు, లేకుంటే లేదు. కాని మీ కేసుల ఇంకో పరేషాన్ ఉంది. తగ్గిపోయిన రోగానికి మిషన్ ఎట్లిస్తరు?"

"ఎవరికి తగ్గింది?"

"మీకే. దేవుడు మీ షుగర్ తగ్గించిండని మొన్న ఆదివారం అంకుల్ సాక్ష్యం చెప్పిన్రు గదా, చర్చి మొత్తం విన్నది. మీరు సండేస్కూల్ పిల్లల కాడ ఉన్నరేమో."

మేబెల్ మొగుడి వైపు తిరిగింది. ఆయన పట్టు సడలి డబ్బా ఆవిడ చేతికి వచ్చేసింది.

"అది సాక్ష్యం కాదు మేబెల్. నీకోసం ప్రార్థన చెయ్యమని అడుగుదామని లేచాను. 'మా ఆవిడకి షుగర్ తగ్గిపోయి' అన్నాను. పడిపోయిందని చెప్పేలోపు అందరూ హల్లెలూయా అనేశారు. పాస్టరుగారు చప్పట్లు కొట్టించారు."

"కాదని చెప్పొచ్చుగా."

"పాట ఎత్తుకున్నారు. నాలుగు చరణాలు."

"అయిదోది లేదుగా. అప్పుడు చెప్పొచ్చుగా."

"నేను చర్చిలో సంఘపెద్దని. కొట్టిన చప్పట్లు వెనక్కి తీసుకోమని ఎలా అడగను? ఇప్పుడీ మిషన్ ఇంట్లో పెడితే ప్రార్థనకి వచ్చినవాళ్లు చూడరూ?"

"చూడనీండి. అసలు వాళ్లు మనింటిదాకా రావడమెందుకు? వచ్చే ఆదివారం నేనే పట్టుకెళ్లి పాస్టరుగారి పుల్పిట్ ముందు నిలబడతాను. అందరి ఎదుటా వేలు పొడుచుకుని ఎంతుందో చదువుతాను. ఆ తర్వాత పాడుకోండి, ఎన్ని చరణాలైనా."

దేవానందం గోడకున్న దగ్గుమందు ప్రకటనను శ్రద్ధగా చదవసాగాడు.

"అట్ల చేయకుండ్రి ఆంటీ," అన్నాడు రిచర్డ్ మెట్టు మీద నుంచి. "జెర విశ్వాసం ఉండాలె. నాకు పోలేదా షుగర్? ఈస్టరుకు నేను సుత సాక్ష్యం చెప్పిన. ఆ రోజు సంది గోళీలు, పరీక్షలు అన్నీ బంద్. మిషన్ ముట్టుకోలే. మరి మీది రిజెక్టని రాస్కోవాల్నా?"

"రాసుకో నాయనా. మీరిచ్చినా కొంటాను, ఇవ్వకపోయినా కొంటాను. కళ్లు తిరిగేది నాకు, మీ రూలుకి కాదు."

మేబెల్ డబ్బాను సంచిలో పెట్టుకుని పర్సు తీసింది. ఇక ఆపితే సంచితో పాటు తననూ ఈడ్చుకుపోతుందని దేవానందానికి తెలుసు. పక్కకు జరిగాడు.

అప్పుడే భద్రయ్య వచ్చి స్ట్రిప్పుల డబ్బా ఆవిడ ముందు పెట్టాడు. మెట్టు మీద రిచర్డ్ కనబడగానే మొహం విప్పారింది. వెనక అలమారులోంచి, పేరు రాసిపెట్టిన ఇంకో డబ్బా తీసి చెయ్యి చాచాడు.

"మంచిగ దొరికిన్రు సార్. గివి మీ మిషన్‌కు ఈ నెల స్ట్రిప్పులు. బిల్లు ఎప్పటిలెక్కనే ఇన్సూరెన్సుకు పెట్టేటట్టు రాయాల్నా?"