పసుపు గీత

గోడమీది హైడ్రోజన్ పెట్టె ఇంటికి కరెంటిచ్చి, కింది బిందెలోకి నీళ్లు వదిలేది. ఎండలు ముదిరాక ఆ నీళ్లు ఓబుళమ్మ పెట్టిన పసుపు గీతకు రోజూ రెండు వేళ్లు తక్కువే ఉంటున్నాయి. బిందెలోంచి ఓ సన్నగొట్టం గోడలోకి పోవడం చూసి, మేడమీద అద్దెకుండే రమీజా నీళ్లు లాగేస్తోందని తేల్చుకుని, ఓబుళమ్మ దాన్ని దారంతో బిగించి కట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి కరెంటు పోయింది.

"లోపలి పొర ఆరిపోయింది పెద్దమ్మా. ఎండలకు పెట్టె తన నీళ్లే తను ఈ గొట్టంతో తాగుతాది. దీన్ని ఎవురు కట్టేసినారు?" అన్నాడు పెట్టె విప్పి చూసిన మెకానిక్.

పొర తడుపుదామంటే, బిందెలో నీళ్లన్నీ ఓబుళమ్మ పొద్దున్నే వాడేసింది.

"మా పెట్టె నీళ్లు, పోసుకో అత్తా," అంటూ రమీజా తన బిందె తెచ్చి దించింది.

ఓబుళమ్మ సిగ్గుతో తల దించుకుంది. ఆ బిందెకూ గోళ్లరంగుతో గీసిన గీత కనిపించింది.