మూడో పెడల్

"ఇన్నేళ్లలో ఇలాంటి పెడల్ స్టీల్ గిటార్ చూడలేదమ్మా. ఎంత వెతికినా కంపెనీ పేరు దొరకలేదు," అన్నాడు రిపేరతను.

ఇంటాయన పోయాక మూలపడ్డ గిటార్ అది. బల్లలా నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. అతను అడుగున తుప్పంతా గీకి, తీగలు కొత్తవి వేశాడు.

"మూడో పెడల్ తొక్కితే స్వరం పక్కకు పోతోంది. స్క్రూ తిప్పి సరిచేశాను. ఇక మీవారి పాటలన్నీ చక్కగా పలుకుతాయి."

ముసలావిడ మొహం పాలిపోయింది.

"ఆయనకు పాట ఒక్కటీ రాదు నాయనా. గొంతు ఆపరేషన్‌లో మాట పోయాక, నన్ను పిలవడానికి దీన్ని తన చేత్తో చేసుకున్నారు. ఆ మూడో పెడలే పిలుపు."

అతను మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"వెనక్కి తిప్పు. నేను వంటింట్లో ఉంటాను. ఎప్పుడూ అక్కణ్ణుంచే వినేదాన్ని."

అతను గిటార్ వెనకున్న ఆయన కుర్చీలో కూర్చున్నాడు. స్క్రూ వదులుచేసి, పెడల్ తొక్కి, తీగ మీటాడు.

"ఇది కాదు నాయనా," అంది గోడ అవతలి నుంచి.

ఇంకొంచెం తిప్పాడు.

"ఊహూఁ. ఆయన ఇంత కోపంగా పిలవరు."

వెంట్రుకవాసి తిప్పి మీటాడు. అవతల ఉలుకూ పలుకూ లేదు. వినిపించలేదేమోనని మళ్లీ మీటాడు.

"అబ్బబ్బ, వస్తున్నానండీ! ఎందుకంత తొందర?"

ముద్దుగా విసుక్కునే ఆ గొంతు ఇందాకటి ముసలావిడది కాదు, ఏదో పడుచుపిల్లది. అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చేసరికి, అతను గబుక్కున ఆ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.