అడ్డమొచ్చిన మేక

తొమ్మిదేళ్లుగా యజమాని ముదీర్ బండ్లన్నీ అబ్బులే తోలాడు. కొత్త కారవాన్‌ని మాత్రం ముదీర్ నిన్నగాక మొన్నొచ్చిన జమీర్‌కి అప్పగించాడు. అప్పట్నుంచీ అబ్బులు జమీర్ తప్పులకోసమే కాచుక్కూర్చున్నాడు.

ఓరోజు జమీర్ తోలుతుంటే పక్కన అబ్బులు, వెనక ముదీర్ కూర్చున్నారు. హత్తా ఊరు దాటి, ఒమన్ సరిహద్దు కాస్త దూరముందనగా టైరు పేలింది. చక్రం మారుస్తుంటే జమీర్ చెయ్యి చీరుకుంది. 'బాగా అయ్యింది!' అనుకున్నాడు అబ్బులు.

"లెగు, ఇహ నేను తోల్తాను," అంటూ హుషారుగా స్టీరింగ్ పట్టాడు.

పక్కనే కూర్చున్న జమీర్ ఉన్నట్టుండి అరిచాడు. "అన్నా, బ్రేక్! గేటు!"

సరిహద్దు గేటుకి జానెడు దూరంలో బండి ఆగింది.

"క్యా హువా?" వెనకనుంచి ముదీర్ గద్దించాడు.

"మేక అడ్డమొచ్చింది సార్," అన్నాడు జమీర్.

మేకేదీ రాలేదు. అంత గేటూ అబ్బులుకి కనబడలేదు, అంతే.

అబ్బులు సీట్లోంచి లేచి, తన జేబురుమాలు జమీర్ చేతికి కట్టాడు.

"కళ్లు మసకేసి ఏడాదైంది తమ్ముడూ. నువ్వే తోలు."