డౌన్‌లోడ్ చేసి తెచ్చే ఆయన

గణేష్‌బాబు చెవిలో కథ మళ్లీ ఆగిపోయింది.

ఫోన్ పక్కన పడేసి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఎడమ చేతికి డయాలసిస్ సూదులు. ఇంకా మూడు గంటలు కదలకూడదు.

పక్కనే స్టూలు మీద సూర్యకళ కూర్చుని ఉంది. భర్తకి ఈ జబ్బు బయటపడి ఐదు నెలలు. ఏడవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. మొన్నటిదాకా కాకినాడ, ఈ వారం నుంచి రాజమండ్రి. మండపేటలో బస్సెక్కడం, ఇక్కడ దిగడం, మిషన్ చప్పుడు వినడం.

“సెల్లార్ కదండీ, ఇక్కడ స్ట్రీమింగ్ అవ్వదు.”

తలెత్తి చూసింది. అరవై ఏళ్లాయన. నలిగిన చొక్కా, చేతిలో ఎవరివో రెండు ఫోన్లు.

“పాడ్‌కాస్టేగా అండి? పైన రోడ్డు మీద సిగ్నల్ బాగుంటుంది. డౌన్‌లోడ్ చేసి తెచ్చేస్తాను. ఆ తర్వాత నెట్ లేకపోయినా ఆగదు.”

“వద్దండి,” అంది సూర్యకళ.

గణేష్‌బాబు అప్పటికే ఫోన్ ఇచ్చేశాడు.

అరగంటకి ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు.

“పది ఎపిసోడ్లు ఎక్కించానండి. వరసలోనే ఉంటాయి.”

ఆ పూట గణేష్‌బాబు టైమెంతని అడగలేదు. కథ వింటూ ఒకసారి నవ్వాడు కూడా.

సూర్యకళ అది చూడలేదు. ఆ పెద్దాయన మరో మూడు ఫోన్లు తీసుకుని మెట్లెక్కడం చూస్తోంది.

వెళ్లి మేనేజరుకి చెప్పింది.

“ఎవరో ఏంటో తెలీదండి. లాకులు తీయించుకుని మరీ ఫోన్లు బయటికి పట్టుకెళ్తున్నాడు.”

మేనేజరు సెక్యూరిటీని పిలిచాడు. పెద్దాయన దిగి వస్తుంటే మెట్ల దగ్గరే ఆపేశారు. ఇకమీదట లోపలికి రావద్దన్నారు.

ఆయన మూడు ఫోన్లూ సెక్యూరిటీ చేతిలో పెట్టాడు.

“నాలుగో బెడ్డు మామ్మగారిది ఇంకా సగమే అయిందండి. కాస్త పైకి తీసుకెళ్లండి, చాలు.”

ఆ ఫోన్ని ఎవరూ పైకి తీసుకెళ్లలేదు.

తర్వాతి డయాలసిస్‌కి వచ్చేసరికి గణేష్‌బాబు ఆ పది ఎపిసోడ్లూ వినేశాడు. గదిలో మిషన్ల చప్పుడే ఉంది. ఎనిమిది బెడ్ల మీదా ఎనిమిది మంది పైకప్పు చూస్తున్నారు.

“ఫోన్లలో కథలు ఎక్కించే గంగాధర్ గారు రాలేదా అమ్మా?” నాలుగో బెడ్డు మామ్మగారు అడిగింది. ఆవిడ పాలకొల్లు నుంచి ఒక్కతే వస్తుంది.

సూర్యకళ లేచింది. భర్త ఫోన్ తీసుకుని పైకి వెళ్లింది. ఎండలో నిలబడింది. ఒక్కో ఎపిసోడూ డౌన్‌లోడ్ అవడానికి ఎంతసేపు పడుతుందో అప్పుడు తెలిసింది.

కిందికొచ్చి ఫోన్ ఇస్తే గణేష్‌బాబు తీసుకోలేదు.

“నాకు నువ్వు చేస్తావు. మిగతావాళ్లకి ఎవరు చేస్తారు?”

ఆమె వెళ్లి మేనేజరుతో మాట్లాడింది. తనదే పొరపాటని చెప్పింది. సరే, రమ్మనండి అన్నాడాయన.

అంతవరకు సెలవులో ఉన్న రూబీ సిస్టర్ సోమవారం డ్యూటీకొచ్చింది. సూర్యకళ ఆమె దగ్గరికెళ్లింది.

“గంగాధర్ గారి ఫోన్ నంబరు కావాలండి. పేషెంటు కేసు షీటులో ఉంటుంది కదా?”

రూబీ బీపీ చూసే పట్టీ మడతపెడుతూ ఆగింది.

“ఏ పేషెంటుదండి?”

“ఆయన తాలూకు పేషెంటుదే. ఏ బెడ్డో నాకు తెలీదు.”

“అందరూ అలాగే అనుకుంటారండి.”

రూబీ గణేష్‌బాబు పడుకున్న బెడ్డు వైపు చూసింది.

“ఆ బెడ్డు మీదే పడుకునేవారండి వాళ్లావిడ, పోయి రెండేళ్లయింది.”