పుత్తూరులో ఎక్కిన మనిషి

పుత్తూరు దాటి రెండు మైళ్ళు పోయాక గోవిందస్వామి మళ్ళీ బస్సు ఆపమన్నాడు.

“ఇప్పుడే కదా పెద్దాయనా, బస్టాండులో దిగొస్తివి,” అని కండక్టరు విసుక్కున్నాడు.

దిగిన మాట నిజమే. అయిందేమీ లేదు. పొద్దున్నుంచి ఒక్క చుక్క మూత్రం రాలేదు. నగరిలో బస్సెక్కేటప్పుడు బరువుగా ఉన్న పొత్తికడుపు ఇప్పుడు రాయిలా బిగిసింది. ముందు సీటు కమ్మీని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

అరవై నాలుగేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు మరమగ్గాల ముందు నిలబడ్డవాడు. ఇంతమందిలో ఏమని చెప్పుకుంటాడు?

“ఒంటేలు బిగిసిందా అప్పా?”

పక్క సీటు మనిషి చెవి దగ్గరికి వంగి అడిగాడు. పుత్తూరులో ఎక్కాడు. పేరు వెంకటముని అన్నాడు. ఒట్టి ఎముకల గూడు, చేతిలో కర్ర.

“అదేం లేదు.” గోవిందస్వామి మొహం తిప్పుకున్నాడు.

“రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తావు? నాలుగా, అయిదా? ధార సన్నబడి ఎన్నాళ్ళయింది?”

“నీకెందుకయ్యా? వయసైతే అందరికీ ఉండేదే.”

“నేనూ అట్లే అనుకుంటి.”

గోవిందస్వామి ఆ మాట వినే స్థితిలో లేడు. నొప్పి తన్నుకొచ్చి సీటులోనే ముడుచుకుపోయాడు.

వెంకటముని కర్ర ఊతంగా లేచాడు. “డ్రైవరన్నా, యాడా ఆపొద్దు. నేరుగా తిరుపతికి పోనీ. ఈయన పాణం మీదికొచ్చుండాది.”

కండక్టరు ఈసారి విసుక్కోలేదు.

తిరుపతిలో దిగీ దిగగానే వెంకటముని ఆటో పిలిచి ఒక ఆసుపత్రి పేరు చెప్పాడు.

“పెద్దాసుపత్రికి పోతాను నేను,” అన్నాడు గోవిందస్వామి పళ్ళ బిగువున.

“ఈడికే పోవాల. డాక్టరు బాలచంద్ర. చెయ్యి మంచిది.”

బస్టాండుల్లో కాపుకాసి రోగులను పట్టుకుపోయే బ్రోకర్ల గురించి గోవిందస్వామి విన్నాడు. అంత నొప్పిలోనూ అడిగేశాడు.

“నన్ను తీస్కపోతే నీకెంత ఇస్తారు?”

వెంకటముని గతుకు వచ్చినప్పుడల్లా అతని భుజం గట్టిగా పట్టుకున్నాడు, అంతే.

ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఆగింది.

“నేను లోపలికి రాను. నువ్వు పో. డాక్టరు అడిగితే ఏదీ దాచొద్దప్పా.”

గొట్టం వేసి తీస్తే లీటరున్నర వచ్చింది. చెమటతో తడిసిపోయిన గోవిందస్వామి అందరి ముందూ ఏడ్చేశాడు. ఆ తర్వాత రక్త పరీక్ష, చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి ఉంది. అందులోనే చిన్న క్యాన్సర్ గడ్డ. గ్రంథి దాటి బయటికి పాకలేదు. ఆపరేషన్ చేశారు.

మూడు నెలలకు చూపించుకోవడానికి వచ్చినప్పుడు డాక్టర్ బాలచంద్ర గుండుతో ఉన్నాడు.

“కొండకి పోయొచ్చినారా సామీ?”

“లేదు.” డాక్టరు రిపోర్టు తిరగేశాడు. “బాగుండావు. ఇంకో ఏడాది అట్లే వదిలేసుంటే నేను కూడా ఏమీ చేయలేకపోదును. నిన్ను ఈడికి ఎవురు పంపించినారు?”

“పుత్తూరు మనిషి సామీ, వెంకటముని అని. కర్ర పట్టుకోని నడస్తాడు. బ్రోకరనుకోని నోటికొచ్చింది అంటిని. కనపడితే కాళ్ళు పట్టుకోవాల. మీరెరుగుదురా?”

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు.

“ఆయన పోయి ఇరవై రోజులైంది. నీకొచ్చిన జబ్బే. ఎవురికీ చెప్పకుండా వేలూరికి పోయి చూపించుకునేటప్పటికే ఎముకలకు పాకుండాది.”

గోవిందస్వామి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మీ చెయ్యి మంచిదని నాకు చెప్పిన మనిషి... మీకాడికే రాకపోయినాడా సామీ?”

డాక్టరు తల దించుకున్నాడు.

“కొడుకు ముందర గుడ్డ విప్పాలంటే సిగ్గుపడినాడు మా నాయన.”