రంపమా, రేకు కత్తెరా?

పాలమూరులో లారీలు బాగుచేసే మిస్త్రీ వెంకటనర్సు, లారీ యజమానురాలు శారదమ్మ ముందే పాత ఆయిల్ ఫిల్టరు డబ్బాను రంపంతో కోశాడు. లోపలి నల్ల నూనెలో ఇనుప రజను తళతళలాడింది. నాడి చూసిన వైద్యుడిలా తలాడించాడు.

“ఇంజను అరిగిపోతాందమ్మా. మొత్తం విప్పాలె.”

శారదమ్మ సంచిలోంచి కొత్త ఫిల్టరు తీసింది. “జర గిది గూడ కొయ్యి.”

కోయక తప్పలేదు. లోపలి తెల్లటి వడపోత కాగితం మీద మళ్లీ రజనే.

“గిది ఇంజను మొఖమే సూడలే గద నాయినా! రజను నీ రంపంది. రేకు కత్తెర తియ్యి.”

నర్సు గొంతు తగ్గించాడు. “గీ సంగతి నీకెట్ల తెల్సమ్మా?”

“మా ఆయన గూడ మిస్త్రీనే ఉండె. గీ లారీ రంపంతోనే కొన్నం.”