సూర్యుడి కొండ మీద చీకటి

"ఎండ మంచిగనే కొడుతున్నది. అద్దాలు మెరుస్తున్నయి. మరి కరెంటు ఎందుకు వస్తలేదు?"

మిద్దె మీద నిలబడి పెద్దులు సోలార్ పానెళ్లనే నిలదీశాడు. అవి నోరు విప్పలేదు. కింద నుంచి జైనబీయే జవాబు చెప్పింది.

"రాత్రి మంచు పడిందన్నా. పొద్దున ఇల్లంతా తెల్లగా కప్పేసిండాది."

"పానెళ్లు తుడిచినవా?"

"నువ్వు బయల్దేరినానని ఫోన్ చేస్తానే పైకెక్కి, అంతా తీసేసి, మిలమిలా తుడిచి పెట్టినా."

ఒమన్‌లో మంచేమిటని మస్కట్‌లో ఉండేవాళ్లు నవ్వుతారు. అక్కడి హమ్రియా పేట రూముల్లో డిసెంబరులోనూ ఫ్యాన్ తిరగాల్సిందే. కానీ జెబల్ షమ్స్ మీద చలికాలం బకెట్లో నీళ్లు గడ్డకడతాయి, అప్పుడప్పుడు మంచు కూడా కురుస్తుంది. జెబల్ షమ్స్ అంటే సూర్యుడి కొండ. ఆ పేరు పెట్టినవాడెవడో ఎండాకాలం వచ్చి ఉంటాడు.

ఆ ఇంటిదాకా కరెంటు తీగలు రాలేదు. కొండ దిగి బౌషర్‌లోని కొడుకింటికి రానని మొండికేసిన ముసలి తల్లి కోసం ఇంటి యజమాని అర్బాబ్ సోలార్ పెట్టించాడు. ఆమెను చూసుకోవడానికి కడప జిల్లా మనిషి జైనబీని పెట్టాడు. పానెళ్లు బిగించినవాడు పెద్దులు. జగిత్యాల నుంచి వచ్చి, మండుటెండలో సైట్‌లో పార పట్టి వీపు కాల్చుకున్న మనిషి. గోను తుఫాను వచ్చిపోయాక సోలార్ కంపెనీలో చేరి మెకానిక్ అయ్యాడు. కాల్చిన ఎండే అన్నం పెడుతోందని మురిసిపోయాడు పాపం.

ఆ మురిపెం ఎక్కువ రోజులు నిలవలేదు. చలి మొదలైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో లైట్లు ఆరిపోవడం, ముసలామె కొడుక్కి ఫోన్ చేసి శాపనార్థాలు పెట్టడం, కొడుకు ఆ శాపాలను కంపెనీకి పంపించడం మామూలైపోయింది.

"మళ్ళీ కంప్లైంట్ వచ్చిందంటే నీ డ్యూటీ మళ్ళీ సైట్‌లోనే. పార సిద్ధంగా ఉంది" అని మేనేజర్ కురియన్ నిన్ననే తేల్చి చెప్పాడు. పార మాట వినగానే పెద్దులు అరచేతుల్లో పాత కాయలు సలిపాయి.

అతను చేయని వైద్యం లేదు. చలికి బ్యాటరీలు చతికిలబడ్డాయేమోనని వాటికి దుప్పట్లు చుట్టాడు. మంచు నిలుస్తోందేమోనని పానెళ్లను బాగా ఏటవాలుగా లేపాడు. ఆ మందు పనిచేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇల్లంతా దీపావళే. పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దులు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆ రోజు ఒక్కటే లోటు. అన్నంలోకి వడియాలు లేవు.

వడియాల కథ అతని మొదటి రాకతోనే మొదలైంది. పప్పన్నం తింటూ, "వడియాలు నంజుకొని తిని ఎన్నేండ్లాయెనో చెల్లె" అన్నాడు. జైనబీ మనసు కరిగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి బియ్యప్పిండి వడియాలు వేయించి పెట్టింది, ఒక డబ్బా నిండా కట్టిచ్చింది. ఆ డబ్బా రూమ్ దాకా చేరలేదు. సగం ఆఫీసులోనే కురియన్ నమిలేశాడు.

"ఈ తూరి కుదర్లేదన్నా. ఆ అద్దాలు మునుపటి మాదిరి వాల్చి పెట్టరాదా? గోడ మాదిరి నిలబెట్టినావు, సూసేకే బాగలేవు" అంది ఆ రోజు జైనబీ.

"అందానికి కాదు చెల్లె, మంచు జారాలంటే గట్లనే ఉండాలె" అని నవ్వేశాడు పెద్దులు. తెలియనివాళ్లకు ఓపికగా చెప్పాలని అతని సిద్ధాంతం.

ఇప్పుడు మళ్ళీ చీకటి. పెద్దులు వైర్లన్నీ విప్పి చూశాడు. మీటర్ పెట్టి చూస్తే పానెళ్ల నుంచి కరెంటు బ్రహ్మాండంగా వస్తోంది. బ్యాటరీల్లో మాత్రం చుక్క లేదు. పానెల్ మూలన ఏదో దారం ముక్క ముడిపడి ఉంటే, గాలికి కొట్టుకొచ్చిందనుకుని తెంపి పారేశాడు. చివరికి మంచుదే తప్పని తీర్మానించి, తెచ్చిన జనరేటర్‌తో బ్యాటరీలు చార్జ్ చేశాడు. లైటు వెలిగింది. లోపల ముసలామె అల్లాను తలుచుకుంది.

"ఇగ రోజు పొద్దుగాలనే మంచు తుడువు చెల్లె. నా కొలువు నీ చేతులనే ఉన్నది."

"నీ పని పోతే నేనూరుకుంటానా? దా, అన్నం తిందువు."

పళ్లెంలో వడియాలు! పక్కన నిండు డబ్బా! పెరట్లో తీగ మీద ఉతికిన పాత చీర రెపరెపలాడుతోంది, దాని కింద మేకలు కుమ్ముకుంటున్నాయి. పెద్దులుకు ప్రాణం లేచొచ్చింది. అంతలో కురియన్ ఫోన్.

"లైటు వచ్చిందా? శభాష్. ఆ వడియాలు అర్బాబ్‌కు కూడా రుచి చూపించాను. ఆయనకో పెద్ద డబ్బా కావాలట. మర్చిపోకు."

పెద్దులు ఫోన్ పెట్టేసి కరకరా నమిలాడు. యజమాని నోరు తీపి చేసినవాడి చేతికి పారెవడిస్తాడు? ఇక భయం లేదు.

"చెల్లె, ఇగ ఆపకు. దినాం పెట్టు. ఎన్ని పెడితే గన్ని తీస్కపోత."

"అట్లనే అన్నా. రేప్పొద్దున్నుంచే పెడతా."

"అవుగని, ఈ చలిల, ఈ మేకల నడుమ, యాడ ఎండబెడుతున్నవ్?"

జైనబీ అతని పళ్లెంలో ఇంకో గుప్పెడు వడియాలు వేసింది. "మేకలెక్కని చోటు, పొద్దుగూకేదాకా ఎండుండే చోటు ఈ కొండ మీద ఒకటే కదన్నా."

"ఏది?"

"నీ అద్దాల మీదే, చీర పరిచి."